జాగ్రత్త అన్న మాట చాలదు

మా ఇంట్లో రోజుకు పదిసార్లయినా వినిపించే మాట ఒకటి ఉండేది. "మామ్మా, జాగ్రత్త!" వాన మొదలైతే జాగ్రత్త. మెట్లు దిగుతుంటే జాగ్రత్త. స్నానానికి వెళ్తుంటే జాగ్రత్త. అమ్మ వంటింట్లోంచి అనేది. నాన్న ఆఫీసుకు బయల్దేరుతూ అనేవారు. నేనైతే పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా అనేసేదాన్ని. ఆ మాట అనేశాక మా బాధ్యత తీరిపోయిందనే అందరం అనుకునేవాళ్లం.

గత డిసెంబరులో మామ్మ బాత్రూమ్‌లో పడింది. కుడి తుంటి ఎముక విరిగింది.

అప్పటి నుంచి నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. ఇంట్లో పెద్దవాళ్లు పడిపోతే మనం వాళ్ల వయసును తప్పుపడతాం, లేదా వాళ్ల అజాగ్రత్తను తప్పుపడతాం. ఇంటిని మాత్రం తప్పుపట్టం. కానీ చాలాసార్లు తప్పు ఇంటిదే. ఆ ఇంటిని అలా ఉంచిన మనదే. కొంచెం ఆలోచన, కొద్దిపాటి ఖర్చు పెడితే ఆపగలిగే ప్రమాదాన్ని తలరాత అనుకుని ఊరుకుంటున్నాం. ఈ మాట చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. మా వీధికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ కాసేపే. ఆ కాసేపట్లోనే డ్రమ్ములు, బకెట్లు నింపుకోవాలి. ఆ సాయంత్రం అమ్మానాన్నలు ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. నేను ట్యూషన్‌లో ఉన్నాను. తమ్ముడు గ్రౌండ్‌లో ఆడుకుంటున్నాడు. మన దీవుల్లో డిసెంబరు సంగతి తెలిసిందే కదా, ఐదు గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు, ఐదున్నరకు చీకటి పడిపోతుంది. కుళాయి చప్పుడు వినగానే మామ్మ లేచింది. లైటు వేయలేదు. నాలుగడుగులే కదా అనుకుంది. బాత్రూమ్ గచ్చు మీద సబ్బునీళ్లు ఉన్నాయి. ఆ సబ్బునీళ్లు నావే. మధ్యాహ్నం యూనిఫాం ఉతుక్కుని, గచ్చు కడగకుండా ట్యూషన్‌కు వెళ్లిపోయాను.

తమ్ముడు వచ్చేసరికి మామ్మ నేల మీదే ఉంది. అరగంట అలాగే పడి ఉందట. వాణ్ణి చూసి మొదట అన్న మాట, "ఏటీ కానేదు బుజ్జీ, కుళాయి కట్టీ" అని.

ఆసుపత్రి, ఎక్స్‌రే, ఆపరేషన్, మంచం, వాకర్. ఆ వివరాలు ఎముక విరిగిన పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది ఆసుపత్రిలో మేమంతా ఏం మాట్లాడామన్నది. "నిన్నెవరు వెళ్లమన్నారమ్మా?" అన్నారు నాన్న. "పది నిమిషాలు ఆగితే నేను వచ్చేదాన్ని కదా అత్తయ్యా" అంది అమ్మ. శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసిన అత్త కూడా అదే అంది. నేనూ అన్నాను. గచ్చు మీద సబ్బునీళ్లు వదిలింది నేనేనని తెలిసి కూడా అన్నాను. మామ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. కళ్లు మూసుకుని పడుకుంది.

వారం తర్వాత, నేనొక్కదాన్నే పక్కన ఉన్నప్పుడు, మెల్లగా ఒక మాట చెప్పింది. ఆమె జారడం అది మొదటిసారి కాదట. వానాకాలంలో పెరటి మెట్ల మీద ఒకసారి, దసరా ముందు అదే బాత్రూమ్‌లో ఒకసారి జారింది. రెండుసార్లూ గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. ఎందుకు చెప్పలేదని అడిగాను. "సెప్తే మీరు తిడతారు గదా" అంది.

ఆ మాట దగ్గరే నేను చాలా రోజులు ఆగిపోయాను. మేము తిట్టకుండా ఉండి ఉంటే, ఆమె దసరాకు ముందే చెప్పి ఉండేది. చెప్పి ఉంటే గచ్చు సంగతి మేము చూసి ఉండేవాళ్లం. పెద్దవాళ్లు జారిన సంగతి దాచిపెడితే రెండోసారి, మూడోసారి పడే దారి తెరిచే ఉంటుంది. మన తిట్లు ఆ దాపరికాన్ని పెంచుతాయి. తిట్టేది ప్రేమతోనే కావచ్చు. ఫలితం మాత్రం వాళ్ల నోరు మూయించడమే.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. అనుకోకుండా జరిగే ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా మనలాంటి తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. ప్రాణాలు పోగొట్టుకునేవారిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ. 65 ఏళ్లు దాటినవారిలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు ఏడాదికి ఒక్కసారైనా పడుతున్నారు. మన దేశంలో 2011 జనాభా లెక్కల నాటికే 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. అంటే ఇది ఎంత పెద్ద విషయమో ఊహించుకోవచ్చు.

వయసు పెరిగేకొద్దీ శరీరంలో ఏం మారుతుందో తెలిస్తే, "చూసుకుని నడవొచ్చు కదా" అనే మాట మనకు నోటికి రాదు. కాళ్ల కండలు పలచబడతాయి. చెవి లోపల సమతూకం చూసే భాగం మందగిస్తుంది. కంటిలో శుక్లాలు పెరుగుతాయి. వెలుగులోంచి చీకట్లోకి వెళ్లినప్పుడు మన కళ్లు త్వరగానే సర్దుకుంటాయి, వాళ్ల కళ్లకు చాలాసేపు పడుతుంది. మంచం మీంచి ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. కాలు జారినప్పుడు మనం చటుక్కున ఇంకో అడుగు వేసి నిలబడతాం. వాళ్లకు ఆ రెండో అడుగు సమయానికి పడదు. తేడా అంతా అక్కడే ఉంది. మనకు ఒక నవ్వులాటగా మిగిలే జారుడు వాళ్లకు ఆపరేషన్‌గా మారుతుంది. ఎముకలు గుల్లబారి ఉంటాయి కాబట్టి, ముఖ్యంగా ఆడవాళ్లలో, చిన్న దెబ్బకే తుంటి దగ్గర విరుగుతుంది. ఆ తర్వాత మంచం పడితే పుండ్లు, న్యుమోనియా, నీరసం వస్తాయి. చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు.

ఇక మన దీవుల సంగతి చూద్దాం. ఇక్కడ రెండు రుతుపవనాలూ కురుస్తాయి. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. మన తాతముత్తాతలు వచ్చిన విశాఖ, శ్రీకాకుళం తీరంతో పోలిస్తే రెండింతలకు పైనే. మే నుంచి డిసెంబరు దాకా పెరడు, మెట్లు, సిమెంటు వాకిలి తడిగానే ఉంటాయి. తడి ఆరని చోట పాకుడు పడుతుంది. పైకి పచ్చగా, మెత్తగా కనిపిస్తుంది. అడుగు పెడితే సబ్బు మీద పెట్టినట్టే. పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురం, ఎత్తుపల్లాల ఊరు. కొండవాలు మీద కట్టిన ఇళ్లకు వీధిలోంచి పైకో కిందికో మెట్లు తప్పవు. ఆ మెట్లు ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. పట్టుకోవడానికి చాలా చోట్ల ఏమీ ఉండదు.

నీళ్లు నిల్వ చేసుకోవలసిన ఊరు కాబట్టి బాత్రూమ్‌లో సగం డ్రమ్ములే, నడవాలో వరసగా బకెట్లే. పెద్దవాళ్లు వాటి మధ్య పక్కకు తిరిగి నడవాలి. కుళాయి వచ్చిందంటే చాలు, ఎంతటి ముసలివాళ్లయినా పరుగు పెడతారు. నీళ్ల విలువ వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. దానికి తోడు తొందరగా పడే చీకటి. దేశమంతటికీ ఒకే గడియారం కాబట్టి, తూర్పున ఉన్న మనకు హైదరాబాద్ కన్నా ఎంతో ముందే పొద్దు గుంకుతుంది. పిల్లలు ఆటల్లో, పెద్దలు ఆఫీసుల్లో ఉన్నప్పుడే ఇల్లు చీకటవుతుంది. ఇంట్లో ఉండేది మామ్మో, తాతో. కరెంటు దండగని వాళ్లు లైటు వేయరు.

ఇంకో సంగతి కూడా ఉంది. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వందమందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. పడుచు వయసులో బతుకుతెరువు కోసం ఓడ ఎక్కి వచ్చిన మన పెద్దలు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు 1,200 కిలోమీటర్ల సముద్రానికి అవతల ఉన్నారు. ఊళ్లో అయితే పక్కింటి పిన్నో, ఎదురింటి బాబాయో ఏ పూటకాపూట తొంగి చూస్తారు. ఇక్కడ తలుపు వేసి ఉన్న ఇంట్లో ఒంటరిగా పడిపోతే ఎవరికి వినిపిస్తుంది? పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న మాకు పెద్దాసుపత్రి దగ్గరే. డిగ్లీపూర్‌లోనో, క్యాంప్‌బెల్ బేలోనో ఉన్న పెద్దాయన తుంటి విరిగితే? డిగ్లీపూర్ నుంచి రోడ్డున సుమారు 300 కిలోమీటర్లు రావాలి. క్యాంప్‌బెల్ బే నుంచి అయితే ఓడో, హెలికాప్టరో దొరకాలి, వాతావరణం కలిసి రావాలి. విరిగాక వైద్యం ఇంత కష్టమైన చోట, విరగకుండా చూసుకోవడం ఇంకెంత ముఖ్యం!

ఎనిమిదో తరగతి సైన్సులో ఘర్షణ పాఠం చదివాం. పదకొండులో మళ్లీ చదువుతున్నాం. రెండు ఉపరితలాల మధ్య నీళ్లో నూనెనో చేరితే ఘర్షణ తగ్గుతుందని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. బూట్ల అడుగున గాళ్లు ఎందుకు ఉంటాయన్న ప్రశ్నకూ జవాబు తెలుసు. అయినా మా మామ్మ కాళ్లకు ఉన్నది అరిగి నున్నగా అయిన హవాయి చెప్పులు. ఆమె నడిచేది నున్నటి టైల్స్ మీద. ఆ రెండింటి మధ్య నా సబ్బునీళ్లు. నేను చదివిన పాఠం నా ఇంటి బాత్రూమ్ దాకా రాలేదు. ఇది నన్ను నేను అనుకోవలసిన మాట. నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మామ్మ ఇంటికి వచ్చే ముందు నాన్న, నేను ఒక ఆదివారమంతా ఇల్లు చూశాం. ఎలా చూశామంటే, నేను వాకర్ పట్టుకుని మామ్మ నడిచే దారుల్లో నడిచాను. మంచం నుంచి బాత్రూమ్‌కు, బాత్రూమ్ నుంచి వంటింటికి, అక్కడి నుంచి పెరటికి. అంతకు ముందు ఎప్పుడూ కనపడనివి కనపడ్డాయి. డోర్‌మ్యాట్ అంచు పైకి లేచి ఉంది. టీవీ వెనక నుంచి వచ్చిన వైరు దారికి అడ్డంగా ఉంది. బాత్రూమ్ గడప నాలుగు వేళ్ల ఎత్తుంది. లైటు స్విచ్ తలుపుకు అవతల గోడకు ఉంది, అంటే చీకట్లో లోపలికి వెళ్తే కానీ లైటు వేయలేం! ఇన్నేళ్లూ ఆ ఇంట్లోనే ఉన్నాం. ఒక్కరం కూడా గమనించలేదు.

తర్వాత చేసిన పనులు పెద్దవేమీ కావు. స్విచ్ తలుపు బయటకు మార్పించాం. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టాం. డ్రమ్మును మూలకు జరిపి, బకెట్లకు ఒక వరస పెట్టాం. బాత్రూమ్‌లో అడుగున పట్టు ఉండే రబ్బరు మ్యాట్ వేశాం. జారే డోర్‌మ్యాట్ తీసేశాం. మేస్త్రీని పిలిచి రెండు స్టీల్ కడ్డీలు గోడకు బిగించాం. ఒక జాగ్రత్త చెప్పాలి. తువ్వాలు వేసుకునే రాడ్‌ను నమ్ముకోవద్దు, మనిషి బరువుకు అది ఊడి వస్తుంది. ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి తుప్పుపట్టని స్టీల్ వాడాలి, బోల్టులు అప్పుడప్పుడు లాగి చూడాలి. పెరటి మెట్లను వారానికోసారి బ్లీచింగ్ పౌడర్ వేసి కొబ్బరీనెల చీపురుతో రుద్దే పని తమ్ముడికి అప్పగించాం. మెట్ల అంచులకు తెల్ల పెయింట్ గీత గీశాం, ఏ మెట్టు ఎక్కడ అయిపోతుందో కంటికి ఆనేలా. ఇవన్నీ కలిపితే మా ఇంట్లో ఒక పండక్కి కొత్తబట్టలకు అయ్యే ఖర్చు కన్నా తక్కువే అయింది. ఆపరేషన్ ఖర్చుతో, ఆ నెలల్లో నాన్న పెట్టిన సెలవులతో పోల్చి చూస్తే అసలు లెక్కలోకే రాదు.

కడ్డీలు ఎక్కడ బిగించాలో మేము నిర్ణయించలేదు. మామ్మను కుర్చీలో అక్కడికి తీసుకెళ్లి, ఆమె చెయ్యి సహజంగా ఎక్కడికి వెళ్తుందో చూసి, అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టాం. మేము అనుకున్న చోటుకు అది జానెడు కింద ఉంది. అడక్కుండా చేసి ఉంటే ఆ కడ్డీ గోడకు అలంకారంగా మిగిలేది.

అద్దె ఇళ్లలో, ప్రభుత్వ క్వార్టర్లలో గోడకు రంధ్రం చేయడం కుదరదని కొందరు అంటారు. నిజమే. కానీ దారి ఖాళీగా ఉంచడానికి, గచ్చు ఆరబెట్టడానికి, బల్బు పెట్టడానికి, పాకుడు రుద్దడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మిగిలినదానికి ఇంటివాళ్లను ఒక్కసారి అడిగి చూడాలి. వాళ్ల ఇంట్లోనూ ఒక తాత ఉంటారు కదా.

"ఇంత గొడవ ఎందుకు, ఆమెను కదలకుండా ఒక చోట కూర్చోబెడితే సరి" అనేవాళ్లూ ఉన్నారు. మామ్మను చూడటానికి వచ్చిన చుట్టాల్లో సగం మంది ఇదే అన్నారు. "ఇంక నువ్వేం పని చేయకు, కుర్చీలోంచి లేవకు" అని. వినడానికి ఎంతో ప్రేమగా ఉంటుంది. దీన్ని నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను. కూర్చోబెడితే కాళ్లలో మిగిలిన బలం కూడా పోతుంది. బలం పోతే నిలబడాలన్నా భయం వేస్తుంది. భయం వేస్తే ఇంకా తక్కువ నడుస్తారు. ఆ తర్వాత ఏదో ఒక రోజు తప్పనిసరై లేచినప్పుడు పడతారు. 2019లో వెలువడిన ఒక పెద్ద కోక్రేన్ సమీక్ష 108 పరిశోధనలను పరిశీలించి, వ్యాయామం వల్ల పెద్దవాళ్లు పడిపోవడం సుమారు 23 శాతం తగ్గుతుందని తేల్చింది. ముఖ్యంగా సమతూకాన్ని, కాళ్ల బలాన్ని పెంచే వ్యాయామాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, ఒక గీత మీద నడిచినట్టు అడుగు ముందు అడుగు వేయడం. పెద్ద జిమ్ములేమీ అవసరం లేదు, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. ఏది ఎంత చేయాలో డాక్టరునో, ఫిజియోథెరపిస్టునో అడిగి మొదలుపెట్టాలి.

పెద్దవాళ్ల మనసు సంగతి కూడా ఆలోచించాలి. మామ్మ ఈ దీవికి వచ్చినప్పుడు కరెంటు లేని ఇంట్లో కాపురం పెట్టింది. వాగు నుంచి నీళ్లు మోసింది. ముగ్గురు పిల్లల్ని పెంచింది. బడిలో తెలుగు లేని నాకు వరండాలో పలక పెట్టి అఆలు దిద్దించింది. ఈ వ్యాసం రాస్తున్న అక్షరాలు ఆమె నేర్పినవే. అలాంటి మనిషిని "నువ్వేం చేయకు" అని మూల కూర్చోబెట్టడం అంటే ఎముకతో పాటు మనసునూ విరిచినట్టే. ఆమె కుళాయి దగ్గరకు వెళ్లడం తప్పు కాదు. వెళ్లగలిగేలా దారిని ఉంచకపోవడం మా తప్పు.

వైద్యం వైపు నుంచి చేయవలసినవీ ఉన్నాయి. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు జారిన సంగతి, కళ్లు తిరిగిన సంగతి తప్పకుండా చెప్పాలి. వేసుకునే మాత్రలన్నీ, చీటీలతో సహా తీసుకెళ్లి చూపించాలి. మనంతట మనం ఏ మాత్రా ఆపకూడదు, డాక్టరే మోతాదు చూసి మారుస్తారు. కళ్లు ఏడాదికోసారి చూపించాలి. శుక్లాల ఆపరేషన్ వాయిదా వేస్తూ పోవద్దు. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, అప్పుడు నిలబడటం అలవాటు చేయాలి. చీర కుచ్చిళ్లు, పంచె అంచు నేలకు తగలకుండా చూసుకోవాలి. చేతికర్ర పట్టుకోవడం చిన్నతనం కాదని మనమే నమ్మకంగా చెప్పాలి. మామ్మ మొదట్లో కర్ర వద్దంది, "నలుగురూ ముసల్దాననుకుంటారు" అంది. నీ కళ్లజోడును చూసి ఎవరైనా ఏమైనా అన్నారా, ఇదీ అలాంటిదే అన్నాను. నవ్వి తీసుకుంది.

ఎవరైనా పడిపోతే ఏం చేయాలో కూడా అందరికీ తెలిసి ఉండాలి. మనకు కంగారు, చంకల కింద చేతులు వేసి లేపేయాలనిపిస్తుంది. లేపకూడదు. ముందు పక్కన కూర్చుని మాట్లాడాలి. ఎక్కడ నొప్పి, తల తగిలిందా అని అడగాలి. తుంటి దగ్గర బాగా నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగానో పాదం బయటికి తిరిగినట్టో కనిపించినా కదపకుండా దుప్పటి కప్పి, 112కో 108కో ఫోన్ చేయాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల మెడలోనో, నడుముకో ఒక మామూలు ఫోను, లేదంటే కనీసం ఒక విజిల్ ఉండాలి. మా మామ్మ అరగంట గచ్చు మీద ఉన్నప్పుడు ఆమె ఫోను టీవీ పక్కన చార్జింగ్‌లో ఉంది.

ప్రభుత్వం వైపు నుంచి సాయం లేదని అనను. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, కళ్లజోళ్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన తెలుగు నేల మీదే, నెల్లూరులో మొదలైంది. వృద్ధుల కోసం 14567 నంబరుతో ఎల్డర్‌లైన్ పని చేస్తోంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటినవారందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద చికిత్స బీమా వర్తిస్తోంది. ఇవన్నీ మంచివే, ఇంట్లో పెద్దవాళ్లకు ఇవి వస్తాయో లేదో కనుక్కోవడం మన పని. కానీ ఏ పథకమూ మన బాత్రూమ్‌లోకి వచ్చి సబ్బునీళ్లు కడగదు. అది ఇంట్లోవాళ్లే చేయాలి.

చివరగా మన బడి గురించి ఒక మాట. 2004 డిసెంబరు 26 తర్వాత ఈ దీవుల్లో పుట్టిన పిల్లలం మనం. భూకంపం వస్తే బల్ల కింద దూరాలని, సునామీ హెచ్చరిక వస్తే ఎత్తుకు పరుగెత్తాలని మాక్ డ్రిల్స్‌లో నేర్చుకున్నాం. నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఎప్పుడో వచ్చే ప్రమాదానికి ఇంత సిద్ధంగా ఉన్న మనం, రోజూ మన ఇంట్లోనే పొంచి ఉన్న ప్రమాదానికి ఒక్క డ్రిల్ కూడా చేయలేదు. అక్టోబరు 1 అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం. ఆ రోజు అసెంబ్లీలో ఉపన్యాసం, పోస్టర్ పోటీ ఉంటాయి. వాటితో పాటు ప్రతి విద్యార్థికీ ఒక ఇంటిపని ఇవ్వాలని మా ఉపాధ్యాయులను కోరుతున్నాను. ఇంట్లో తాత, మామ్మ, అమ్మమ్మ ఎవరుంటే వాళ్లు నడిచే దారిలో ఒకసారి నడిచి, ఈ ప్రశ్నలకు జవాబు రాసుకురావాలి.

1. లైటు వేయకుండా ఎన్ని అడుగులు నడవాల్సి వస్తోంది?
2. బాత్రూమ్ గచ్చు ఆరి ఉంటోందా? పట్టుకోవడానికి ఏముంది?
3. దారిలో వైరు, బకెట్, లేచిన మ్యాట్ ఏమైనా ఉన్నాయా?
4. మెట్ల మీద, పెరట్లో పాకుడు ఉందా?
5. వాళ్ల చెప్పుల అడుగున గాళ్లు మిగిలి ఉన్నాయా?
6. రోజూ వాడే సామాను చేతికి అందే ఎత్తులో ఉందా, స్టూలు ఎక్కి తీయాలా?
7. పడిపోతే ఎవరినైనా పిలవడానికి దగ్గర ఏముంది?
8. ఈ ఏడాది ఎప్పుడైనా జారారా?

ఎనిమిదో ప్రశ్న అడిగే ముందు తిట్టమని మాట ఇవ్వాలి. లేకపోతే నిజం చెప్పరు.

మామ్మ ఇప్పుడు కర్రతో నడుస్తోంది. మునుపటి వేగం లేదు, కుడికాలు కాస్త ఈడుస్తుంది. పెరట్లోకి వెళ్లి తులసికి నీళ్లు పోస్తుంది. కుళాయి వస్తే ఇప్పటికీ ఆమే ముందు వింటుంది. లైటు వేసి, కడ్డీ పట్టుకుని వెళ్తుంది. మొన్న వానలో పెరటి మెట్టు మీద కాలు కొద్దిగా జారిందట. ఆ సాయంత్రమే నన్ను పిలిచి చెప్పింది. తమ్ముడు ఆ వారం మెట్లు రుద్దలేదని తేలింది. తిట్లన్నీ వాడికి పడ్డాయి.

మా ఇంట్లో ఇప్పుడు "జాగ్రత్త" అన్న మాట బాగా తగ్గింది. దాని బదులు, బాత్రూమ్ వాడిన ప్రతి ఒక్కరం గచ్చు తుడిచి బయటికి వస్తున్నాం.